తాళంచెవుల లెక్క

ఇది అనగనగా కథే గానీ రాజులూ మంత్రులూ ఉన్న కాలం నాటిది కాదు. రాజమండ్రి దానవాయిపేటలో రిటైరైన లెక్కల మాస్టారొకాయన ఇల్లమ్మేసి బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్లిపోదామనుకున్నారు. బ్యాంకులో పనిచేసే ఒకాయన కొనుక్కున్నాడు. రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రం మాస్టారు మూడు తాళంచెవులు పసుపుతాడుకు గుచ్చి చేతిలో పెట్టారు.

"గోద్రెజ్ తాళమండీ. 1897 నుంచీ ఉన్న కంపెనీ. ఒక్కనాడూ మొరాయించలేదు. అయినా సరే, ముందు దాన్ని మార్పించుకోండి" అన్నారు.

"భలేవారే మాస్టారూ! మీ మీద నమ్మకం లేకపోతే ఇల్లే కొనేవాణ్ణి కాదు" అన్నాడు కొన్నాయన, నొచ్చుకున్నట్టు.

దారిలో భార్య అంది, "ఆయనే చెప్పారు కదండీ, మార్పిద్దాం."

"పెద్దాయన మర్యాదకన్నారు. నిజంగా మారిస్తే ఏమనుకుంటారు?"

గృహప్రవేశం ఘనంగా జరిగింది. పాలు పొంగించారు. గడపకు పసుపు రాశారు, గుమ్మానికి మామిడాకులు కట్టారు, దిష్టి తగలకుండా బూడిదగుమ్మడికాయ వేలాడదీశారు. కంటికి కనిపించని శత్రువులందరికీ ఏర్పాట్లయ్యాయి. తలుపుకి మాత్రం పాత తాళమే. మాస్టారింట్లో పనిచేసిన మనిషే వీళ్లకీ కుదిరింది. ఆమె దగ్గర అప్పటి తాళంచెవి ఒకటుంది. ఇద్దరూ ఉద్యోగాలకి పోయినా వచ్చి అంట్లు తోమి వెళ్తుందిలే, మంచిదే అనుకున్నారు.

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి వేసుకుందామని చూస్తే బీరువాలో బంగారు గాజుల జత లేదు. గడియ విరగలేదు, కిటికీ ఊడలేదు. వచ్చినవాడెవడో తాళంచెవితోనే వచ్చాడన్నమాట. ఎవరి దగ్గరున్నాయి తాళంచెవులు? మాస్టారికి ఫోన్ చేశారు.

ఆయన నింపాదిగా లెక్క మొదలుపెట్టారు. "తాళంతో పాటు వచ్చినవి మూడు. ఒకటి 2015 పుష్కరాల రద్దీలో పోయింది. అప్పుడు బజారులో రెండో మూడో చేయించాను. పనిమనిషికి ఒకటి. పై వాటాలో ఉండి వెళ్లినవాళ్లకి ఒకటి, తిరిగిచ్చారో లేదో గుర్తులేదు. మా మేనల్లుడు కోచింగుకొచ్చినప్పుడు వాడికోటి. రంగులు వేయించినప్పుడు మేస్త్రీ దగ్గర నాలుగురోజులుంది..." కాసేపు ఆగారు. "జీవితమంతా లెక్కలు చెప్పాను బాబూ. ఈ లెక్క తేలటం లేదు. అందుకే మార్పించుకోమన్నాను."

ఫోన్ పెట్టేశాక ఆ ఇంట్లో రాత్రంతా మనుషులు తిరిగారు. మేనల్లుడు, మేస్త్రీ, పై వాటావాళ్లు, చివరికి మాస్టారు కూడా. ఎవరి మొహం తలుచుకున్నా ఏదో ఒక వంక కనపడింది. ఎదురుగా ఉన్నది మాత్రం పనిమనిషి ఒక్కతే. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. కాకపోతే తెల్లారి ఆమె ఇల్లు ఊడుస్తుంటే ఇద్దరూ గదిలోంచి గదిలోకి వెనకే వచ్చారు. మర్నాడు ఆమె రాలేదు. తాళంచెవి కిటికీ గట్టు మీద ఉంది.

ఆ తర్వాత బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి కొలుస్తుంటే గాజులు తగిలాయి. అన్నవరం వెళ్లినప్పుడు భద్రంగా దాచింది ఇంటావిడే. పరుగున పనిమనిషి ఇంటికి వెళ్లారు.

"నన్ను మీరేమన్నారమ్మగారూ, ఏమీ అనలేదు కదా" అందామె. "అనుంటే కనీసం నేను కాదని చెప్పుకునేదాన్ని." అప్పటికే పక్కవీధిలో పని ఒప్పుకుంది.

అప్పుడు పిలిచారు తాళాలతన్ని. అతను వస్తూనే, "తాళమంతా ఎందుకండీ, సిలిండర్ మారిస్తే చాలు" అన్నాడు. తలుపు మందంలో, గడియ నాలుక బయటికొచ్చే చోటున్న పొడుగు స్క్రూ ఒక్కటి తీశాడు. తాళంచెవి పెట్టి కొంచెం తిప్పాడు, సిలిండర్ జారి చేతిలోకొచ్చింది. పాతదాన్ని విప్పి న్యూస్‌పేపర్ మీద బోర్లిస్తే ఆవగింజల్లా ఇత్తడి పిన్నులు రాలాయి. తాళంచెవి ఎత్తుపల్లాలకి సరిపడా ఈ పిన్నులు లేచి ఒక్క వరసలో ఆగితేనే సిలిండర్ తిరుగుతుంది. 1861లో అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ పేటెంట్ పొందిన పద్ధతి ఇదే, నేటికీ మన గుమ్మాల్లో నడుస్తోంది. పట్టుకున్న చెయ్యి మాస్టారిదా మేస్త్రీదా అన్నది పిన్నులకి అనవసరం. కాఫీ చల్లారేలోపు కొత్త సిలిండర్ బిగిసింది.

నీతి: కొత్త ఇంట్లో తాళం మార్చటం పాతవాళ్లని దొంగలనటం కాదు. రేపు ఏదైనా కనపడకపోతే వాళ్ల పేరు మన మనసులోకి రాకుండా ముందే తప్పించటం.

మొహమాటం కొద్దీ మనం దీన్ని తిరగేసి చదువుకుంటాం. తాళం మార్చకపోవటం పెద్దమనిషి తరహా అనుకుంటాం. ఆ పెద్దమనిషి తరహా ఖర్చు మాత్రం పనిమనిషి ఖాతాలో పడింది. అమ్మేవాళ్లు కూడా ఆ మాస్టారిలా తామే మార్పించుకోమని చెప్పటం మేలు, తమ పేరు కోసమైనా.

వీధి తలుపుతో పని అయిపోదు. పెరటి తలుపు, మేడ మెట్ల తలుపు, గేటు తాళంకప్ప కూడా చూసుకోవాలి. నంబరు నొక్కే తాళమైతే పాత నంబర్లూ వేలిముద్రలూ అన్నీ చెరిపేయాలి. అద్దె ఇల్లయితే ఇంటాయనకి ముందే చెప్పండి, ఆయన ఒక తాళంచెవి కావాలంటే ఇవ్వండి. పాత సిలిండర్‌ని స్క్రూతో సహా ఒక కవర్లో కట్టి బీరువాలో పడేయండి. ఖాళీ చేసేటప్పుడు దాన్ని బిగించేసి, మీదాన్ని విప్పి పట్టుకుపోవచ్చు. కొత్తింటి తలుపు మందం సరిపోతే అక్కడా అదే పనికొస్తుంది.