చంపడానికి ఎన్ని మాటలు

పీటర్ మార్క్ రోజెట్ 1852లో లండన్‌లో అచ్చు వేయించిన ఇంగ్లీషు పర్యాయపదాల కోశం థెసారస్‌లో వెయ్యి శీర్షికలున్నాయి. అందులో 361వది చంపడం. 'కిల్' అనే క్రియ, దాని చుట్టాలు స్లే, మర్డర్, అసాసినేట్, మాసకర్ అన్నీ దాని కిందే ఉంటాయి. 359 జీవం, 360 మరణం, 362 శవం. ఈ వరుస నన్ను కుదురుగా ఉండనివ్వదు. రోజెట్ భావాలన్నింటినీ ఆరు తరగతులు చేశాడు. సంకల్పానికి ఐదోది, కర్తవ్యం, న్యాయం, దయ, పాపం వంటివాటికి ఆరోది. చంపడాన్ని మాత్రం మూడోదైన 'పదార్థం'లో పెట్టాడు. ప్రాణమున్న పదార్థానికి జరిగే సంగతుల్లో అదీ ఒకటన్నమాట.

ఆయన వైద్యుడు, అలా చూడటం సహజమే. కానీ ఆయన మేనమామ శామ్యూల్ రోమిలీ. మాటిమాటికీ ఉరి తీసే ఇంగ్లండు చట్టాలను మార్చడానికి పార్లమెంటులో పోరాడినవాడు, జేబుదొంగతనానికి ఉరి అన్న శాసనాన్ని 1808లో రద్దు చేయించినవాడు. 1818లో భార్య పోయిన కొద్దిరోజులకే ఆయన తన ప్రాణం తీసుకున్నాడు. అప్పుడు ఆయనకు వైద్యం చేస్తున్నది ఈ మేనల్లుడే. చావును అంత దగ్గరగా చూసిన మనిషి, రాజ్యం చేసే చంపుడుకు అడ్డుపడినవాడి చేతుల మీద పెరిగిన మనిషి, చంపడాన్ని పదార్థంలో ఎందుకు పెట్టాడు? తప్పు పట్టాలని కాదు. దాన్ని సంకల్పంలో పెట్టాలా, నీతిలో పెట్టాలా, లేక పిడుగుపాటు పక్కనే ఉంచాలా అన్నది నిజంగా తేల్చుకోవలసిన ప్రశ్న.

ఇంగ్లీషువాళ్ల నోట 'కిల్' ఎక్కడైనా దొర్లుతుంది. కాలాన్ని చంపుతారు, నొప్పిని చంపుతారు, చట్టసభలో బిల్లును చంపుతారు. హైదరాబాదులో కంప్యూటర్ ముందు కూర్చున్న మన పిల్లలూ "ఆ ప్రాసెస్‌ని కిల్ చెయ్" అంటారు. "చంపేశావు పో" అని మనం మెచ్చుకుంటాం, "చంపుకు తింటున్నాడు" అని విసుక్కుంటాం. ఇక్కడ ఎవరికీ ఏమీ కాదు. అసలు చిక్కు మనిషి చచ్చినప్పుడే మొదలవుతుంది.

అప్పుడు పుట్టే మారుమాటలన్నీ ఒకే రకమైనవి కావు. కొన్ని మనం ఇంకా స్పష్టంగా చూడటానికి పుట్టాయి. 1860 నాటి శిక్షాస్మృతి 299, 300 సెక్షన్లలో నరహత్యనూ హత్యనూ విడదీసింది. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ ఆ తేడా ఉంది. ఉద్దేశం ఏమిటి, ఏం జరుగుతుందని అతనికి తెలుసు, రెచ్చగొట్టింది ఎవరు? పోయిన ప్రాణం ఒకటే అయినా తీసిన చేతి వెనక ఏముందో అడగడానికి అన్ని పేర్లు కావలసి వచ్చాయి. అంతటి ఓపికను నేను గౌరవిస్తాను.

ఇంకొన్ని మాటలు ఆ ప్రశ్నలను ఆపడానికే పుడతాయి. 'ఎగ్జిక్యూట్' అంటే మొదట ఆజ్ఞను అమలు చేయడం. కాలక్రమంలో ఆజ్ఞ ఉన్న చోటికి మనిషి వచ్చి చేరాడు. 1942 జనవరి 20న బెర్లిన్ శివార్లలోని వాన్‌సీలో 15 మంది అధికారులు సమావేశమయ్యారు. యూరప్‌లోని యూదులను ఏం చేయాలన్నది చర్చ. ఆ చర్చ సారాంశం రాసిన ఐక్‌మన్ తర్వాత, 1961లో జెరూసలేంలో బోనులో నిలబడి ఒప్పుకున్నాడు: గదిలో చంపడం గురించి, నిర్మూలించడం గురించి దాపరికం లేకుండానే మాట్లాడుకున్నారని. కాగితం మీద మాత్రం తూర్పుకు తరలింపు అని ఉంది.

ఇది మన ఇంటి సంగతి కూడా. ఇంగ్లీషులో 'ఎన్‌కౌంటర్' అంటే ఎదురుపడటం. మన నేల మీద అది చంపడమైంది, ఆపైన 'ఎన్‌కౌంటర్ చేశారు' అనే క్రియ అయింది. 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో ఏర్పడిన కమిటీ ఎమర్జెన్సీ నాటి ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్లను పరిశీలించింది. దానికి అధ్యక్షుడు బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి, ఎం.ఎన్. రాయ్ బాటలో నడిచిన మానవవాది వి.ఎం. తార్కుండే. పట్టుకున్నాకే కాల్చారని ఆ కమిటీ తేల్చింది. అవతలి పక్షమైన నక్సలైట్లకూ తమ మాటలు తమకున్నాయి: 'వర్గశత్రు నిర్మూలన', 'ఖతం'. రెండు వైపులనూ ప్రశ్నించిన హక్కుల నాయకుడు బాలగోపాల్ ఆ ప్రశ్న మీదే పాత పౌరహక్కుల సంఘం విడిచి 1998లో మానవ హక్కుల వేదిక వైపు నడిచారు. 'శత్రువు' అన్నాక అక్కడ మనిషి మిగలడు, 'ఎన్‌కౌంటర్' అన్నాక చంపినవాడు మిగలడు.

ఇలాంటి మాటలు నిజాన్ని దాస్తాయని చాలాకాలంగా అంటున్నాం. అది చాలదనిపిస్తోంది నాకు. వాన్‌సీ గదిలో మోసపోయినవాడు ఒక్కడూ లేడు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ఒక యువతిపై అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. పూలు చల్లినవాళ్లకు 'ఎన్‌కౌంటర్' అన్న మాట అర్థం తెలియదా? తెలుసు, తెలిసే చల్లారు. అయితే ఆ మాట చేస్తున్న పని ఏమిటి? తెలిసినదాన్ని ఇక అడగనక్కర్లేదని మనకు సెలవిస్తోంది. ఎవరు చంపారు, ఏ హక్కుతో, ఆ క్షణంలో వేరే దారి లేదా అని అడగవలసిన బరువును మన భుజాల మీంచి దించేస్తోంది. అబద్ధం కంటే ఈ సెలవే నన్ను ఎక్కువ భయపెడుతుంది. అబద్ధాన్నయితే ఏదో ఒకనాడు పట్టుకోవచ్చు.

కొడుకును పోగొట్టుకున్న తల్లి ఈ మాట వాడదు. "నా బిడ్డను పొట్టన పెట్టుకున్నారు" అంటుంది. వరద మీదైనా, జ్వరం మీదైనా, ఆసుపత్రి మీదైనా, ఖాకీల మీదైనా అదే క్రియ. అన్యాయం కావచ్చు కూడా. ఆమె వాదనను న్యాయస్థానం ఒప్పుకోకపోవచ్చు. కానీ ఆ క్రియలో తిన్నవాడున్నాడు, పోయినవాడున్నాడు, ఇద్దరి మధ్య లెక్క ఇంకా తెగలేదు. 2009లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది దీనికి దూరం కాదు: పోలీసుల చేతిలో మనిషి పోతే ముందు కేసు నమోదు కావాలి, ఆత్మరక్షణ అన్న మాట విచారణలో రుజువు కావాలి. ఆ తీర్పు అమలును సుప్రీంకోర్టు నిలిపివేసింది, 2014లో తన సొంత మార్గదర్శకాలు ఇచ్చింది.

"చచ్చినవాళ్లు రాక్షసులు, వాళ్ల కోసం వ్యాకరణమా?" అని అడుగుతారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. ఆ ఘోరం విన్న రాత్రి నిద్రపోయినవాళ్లం ఎందరం? చటాన్‌పల్లి కాల్పులు చంపే ఉద్దేశంతోనే జరిగాయని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక చెప్పింది. ఆ నలుగురూ దోషులే కావచ్చు, కోర్టు వారికి ఉరే వేసేదేమో. కానీ విచారణ జరగలేదు. అందుకే ఆ అమ్మాయిని చంపింది ఎవరు అన్న ప్రశ్నకు కూడా ఈ దేశంలో ఏ న్యాయస్థానమూ ఇచ్చిన జవాబు లేదు.