కాలిన మట్టి, కనిపించని బట్టీ

పచ్చి ఇటుక కాలి ఎర్రబడ్డాక అది వెనుకటి ఇటుకేనా, కొత్త వస్తువా? కుండను ఉదాహరణగా తీసుకుని ఈ ప్రశ్న మీద భారతీయ తార్కికులు రెండు పక్షాలయ్యారు. వైశేషికులది పీలుపాకవాదం: వేడి తగలగానే కుండ పరమాణువులుగా విడిపోతుంది, వాటిలోనే నలుపు పోయి ఎరుపు పుడుతుంది, అవి మళ్లీ కూడగా వేరే కుండ ఏర్పడుతుంది. నైయాయికులది పిఠరపాకవాదం: సూక్ష్మరంధ్రాల గుండా వేడి లోపలికి చేరి కుండ కుండగానే రంగు మారుతుంది. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహ దీపికలో రెండు మతాలనూ వివరించాడు. నైయాయికుల మాటే బలమైనది. ఆవంలో కింది కుండ నిజంగా విడిపోతే దాని మీద పేర్చినవన్నీ కూలాలి. అలా ఎన్నడూ కూలవు.

ఏ పక్షం గెలిచినా ఒకటి ఖాయం: కాలిన మట్టి మళ్లీ బురద కాదు. రామగుండం, గోదావరిఖని చుట్టుపట్ల శాతవాహనుల కాలం నేటికీ చేతికి తగులుతున్నదంటే అందుకే. పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్ట, పెద్దబంకూరుల్లో 1970ల తవ్వకాలు ఇటుక గోడలనూ బావులనూ బయటపెట్టాయి. ఎగువన గోదావరి ఒడ్డునున్న కోటిలింగాలలో కొంత భాగం ఎల్లంపల్లి జలాశయం కిందికి పోయింది. ఇటుక నిలిచింది గానీ, తనను కాల్చిన నిప్పు ఏ చోట మండిందో అది చెప్పదు.

కార్యం నుంచి కారణానికి వెళ్లే దారిని న్యాయసూత్రాలు శేషవత్ అనుమానం అన్నాయి. దీనికి వాత్స్యాయనుడు ఇచ్చిన ఉదాహరణ నిండి పారే ఏరు: దాన్ని చూసి పైన వాన పడిందని తెలుసుకుంటాం. ఇక్కడ చినుకు లేకున్నా గోదావరి పొంగితే మహారాష్ట్రలో వానలని ఈ ఒడ్డువాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. పోయిన బట్టీని వెతకడమూ ఇదే పద్ధతి. మట్టి తీసిన గుంత, ఎర్రగా మాడిన నేల, బూడిద పొర, కరిగి ముద్దకట్టిన ఇటుకలు దాని గుర్తులు. అన్నిటికన్నా గట్టి సాక్షి బట్టీ అడుగు నేల. మట్టిలోని ఇనుప ఖనిజాలు బాగా కాగి చల్లారేటప్పుడు ఆనాటి భూ అయస్కాంత దిశను పట్టుకుంటాయి. నేల కదలదు కనుక ఆ దిశ నిలుస్తుంది, నిప్పు అక్కడే మండిందని చెబుతుంది. ఇటుకను ఎత్తి గోడలో పెట్టగానే, దానిలోని అయస్కాంతత్వం మిగిలినా, కాలినప్పుడు అది ఏ వైపు తిరిగి ఉందో తెలియకుండా పోతుంది.

అయితే ఇటుక ఉంటే బట్టీ ఉండి తీరాలా? రామగుండం ఎన్టీపీసీలో 1983లో మొదటి యూనిట్ మొదలైంది. ఆ విద్యుత్ కేంద్రంలో బొగ్గు మండగా మిగిలిన బూడిదను సున్నంతోనో సిమెంటుతోనో కలిపి, అచ్చులో నొక్కి, నీళ్లతో తడిపి ఇటుక చేస్తారు. దానికి బట్టీ అవసరం లేదు. దాని నిప్పు ముందే బాయిలర్‌లో మండిపోయింది. కనుక ‘ఇటుక ఉంది, కాబట్టి బట్టీ ఉంది’ అనే హేతువు ఇక్కడ సవ్యభిచారమవుతుంది, అంటే నిరూపించదలచిన సాధ్యం లేనిచోట కూడా కనిపించే హేతువు.

దీనికి ఎదురు పొరపాటూ ఉంది: కనబడలేదు కాబట్టి లేదనుకోవడం. అనుపలబ్ధి, అంటే కనబడకపోవడం, ప్రమాణం కావాలంటే, ఆ వస్తువు ఉండి ఉంటే కనబడేదే అయివుండాలని మీమాంసకుల్లో భాట్టులు షరతు పెట్టారు. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనిలో పైమట్టి అంతా లేచి గుట్టగా పడుతుంది. అక్కడ పాత బట్టీ ఆనవాలు దొరకకపోవడం దేన్నీ రుజువు చేయదు.

మనుషుల విషయంలో ఈ షరతు మరీ ముఖ్యం. ఒడిశాలోని బలంగీర్, నువాపడ జిల్లాల కుటుంబాలు అడ్వాన్సుకు కట్టుబడి వానాకాలం దాటాక పెద్దపల్లి బట్టీలకు వస్తాయి, ఎండాకాలం చివరిదాకా పనిచేస్తాయి. అతుకు లేకుండా పేర్చిన ఇటుకల మీద రేకో పట్టానో కప్పితే అదే వాళ్ల ఇల్లు. వాళ్లు వెళ్లాక ఆ ఇటుకలు విప్పేస్తే నేల మీద గోడ జాడైనా మిగలదు. శాతవాహనుల ఇటుకలు చేసినవాళ్లూ ఇలాగే బతికారో లేదో తేల్చడానికి, గుడిసెలు దొరకలేదన్న మాట పనికిరాదు. కుండకు కుమ్మరి నిమిత్తకారణమని తర్కం లెక్కలోకి తీసుకుంది. ఇటుకకూ ఆ లెక్క వర్తిస్తుంది. పచ్చి మట్టిని చేత్తో సరిచేసేటప్పుడు పడిన వేళ్ల అచ్చు కాలాక చెరగదు. బట్టీ నేల కూడా పోయినచోట, చేసిన మనిషి దాకా వెళ్లే అనుమానానికి మిగిలే హేతువు ఆ అచ్చే.