గడి గడికీ నిర్ణయం

తెలిసిన ముఖాన్ని మనం నిజానికి చూసేది చాలా తక్కువ. పేరు తడుతుంది, వరస తడుతుంది, చూపు అక్కడితో ఆగిపోతుంది. గళ్లు గీసి బొమ్మ వేసే పద్ధతి మీద నాకింత మక్కువ అందుకే. గుర్తుపట్టడం కాసేపు పక్కన పెట్టి ముందు చూడమంటుంది అది.

చిన్న ఫొటో మీద సమానంగా గళ్లు గీస్తారు. గోడ మీద అన్నే గళ్లు, పెద్దవిగా గీస్తారు. ఫొటోలో అంగుళం గోడ మీద అడుగైతే ముఖం 12 రెట్లు పెరుగుతుంది. ఇక ఏ గడిలో ఉన్నది ఆ గడిలో దించడమే పని. ప్రాచీన ఈజిప్టు చిత్రకారులు సమాధి గోడల మీద ఎర్రగీతలతో ఇలాగే గళ్లు కొట్టుకున్నారు. నిలబడ్డ మనిషికి పాదం నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యేదాకా 18 గళ్లు. ఫ్లెక్సీలు రాకముందు మన ఊళ్ల గోడల మీద నాయకుల ముఖాలు నిలిపిన పెయింటర్లకూ ఈ గళ్లే ఆధారం.

అమెరికా చిత్రకారుడు చక్ క్లోజ్ (1940–2021) జీవితమంతా దీనికే ఇచ్చారు. ముఖాలు గుర్తుండకపోవడం ఆయనకున్న లోపం. ఎదుట కదిలే ముఖం నిలిచేది కాదు, ఫొటోలో చదునైతే నిలిచేది. 1967-68లో నలుపు తెలుపుల్లో వేసుకున్న సొంత ముఖం దాదాపు 9 అడుగుల ఎత్తు. తర్వాత, రంగుల అచ్చులోలాగా మూడు రంగులనే పొరమీద పొరగా వేసి ఒంటి ఛాయ రప్పించారు. 1988 డిసెంబరులో వెన్నెముక రక్తనాళం దెబ్బతిని కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి. కుంచెను చేతికి కట్టించుకుని మళ్లీ పనికి కూర్చున్నారు. అప్పటి బొమ్మల్లో గడి గడికీ వలయాలు, ఒకదానిలో ఒకటిగా రకరకాల రంగులు. దగ్గరికెళ్తే కన్నూ కనపడదు, ముక్కూ కనపడదు. వెనక్కి జరిగితే మనిషి మనవైపు చూస్తుంటాడు.

ఫ్లెక్సీ యంత్రమూ ముఖాన్ని చుక్కలుగానే విడగొడుతుంది. కానీ ఏ చుక్క దగ్గరా దానికి తటపటాయింపు లేదు. మనిషి మాత్రం ప్రతి గడి దగ్గరా ఆగి, ఈ రంగా ఆ రంగా అని తేల్చుకోవాలి. అందరూ చూసే కంటి మెరుపుకు ఎంత శ్రద్ధో, ఎవరూ పట్టించుకోని చెవి కింది నీడకూ అంతే.

కొల్లాపూర్ మాధవస్వామి గుడి ముందు నిలబడితే నాకు ఈ సంగతే తోస్తుంది. శ్రీశైలం జలాశయంలో మునిగే మంచాలకట్ట నుంచి ఆ గుడిని విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. ఏ రాయి ఏ వరసదో తెలియకపోతే రాళ్ల గుట్ట మిగిలేది. గోపురం శిలకూ మూల రాయికీ సమానంగా గుర్తు ఉండాల్సిందే. ముంపు ఊళ్ల ఇరుగుపొరుగును మాత్రం అలా వరస తప్పకుండా ఎవరూ మోసుకురాలేదు. ఎవరి అరుగు మీద ఎవరు కూర్చునేవారో, ఏ వేప కింద ఏ పంచాయితీ తెగేదో చెప్పే గడి ఏ పటంలోనూ లేదు.

నిర్వాసితులు అన్న ఒక్క మాటతో ఆ మనుషులందర్నీ చెప్పేశాం. ఊరి మీద ప్రేమ ఉందని మొత్తంగా ప్రకటించడం తేలిక. ఒక్కో ఇంటి ముందూ ఆగి, ఆ ఇంటికి ఏది పోతోందో అడిగి రాసుకోవడం కష్టం. రేపు ఏ ప్రాజెక్టు కింద ఏ ఊరు ఖాళీ చేయాల్సి వచ్చినా, ఆ కష్టం ముందుగా పడాలని నేను కోరుతున్నాను.