మల్లాం శాసనం: పరలోక విశ్వాసం, ప్రాణత్యాగం – ఒక నైతిక పరిశీలన

మరణానంతరం మరో లోకం ఉందని నమ్మినవాడు ప్రాణత్యాగానికి సులభంగా సిద్ధపడతాడన్నది లోకంలో స్థిరపడిన అభిప్రాయం. ఇందులో రెండు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. త్యాగానికి విశ్వాసమే కారణమా అన్నది మొదటిది. స్వర్గాన్ని ఆశించి ప్రాణమిస్తే అది త్యాగమా, వినిమయమా అన్నది రెండవది. నెల్లూరు సీమకు చెందిన మూడు ఆధారాలను ప్రధానంగా తీసుకొని ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వపు గూడూరు తాలూకాలోని మల్లాం నేడు చిట్టమూరు మండలంలో ఉంది. 2022లో ఈ ప్రాంతం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు మారింది. పల్లవ ప్రభువు కంపవర్మ 20వ పాలనా సంవత్సరానికి చెందిన తమిళ శాసనం ఒకటి ఇక్కడ లభించింది. పట్టైపొత్తన్ అనే భక్తుడు తన శరీరంలోని తొమ్మిది చోట్ల మాంసం కోసి, చివరకు శిరస్సునే ఖండించుకొని భటారికి, అంటే దుర్గకు, అర్పించాడని అది తెలుపుతుంది. శాసన పరిశోధకులు దీనిని నవఖండ సంప్రదాయానికి సాక్ష్యంగా పరిగణిస్తారు. అయితే ఒక సంగతి గమనించాలి. శిరస్సు ఇచ్చినవాడు శాసనం వేయించలేడు. శిల మీద ఉన్నది మిగిలినవారి మాట. దానివల్ల మనకు తెలిసేది అతని చర్య మాత్రమే. అతని అంతరంగంలోని ఆశ మన ఊహకే మిగులుతుంది.

విశ్వాసం బలంగా వ్యాపించిన చోటును చూద్దాం. వీరశైవులు శిరస్సులను, నాలుకలను అర్పించుకోవడానికి రెడ్డిరాజు అనవేమారెడ్డి శ్రీశైలంలో వీరశిరోమండపాన్ని నిర్మించినట్లు శక సంవత్సరం 1299 నాటి శాసనం చెబుతుంది. శివసాయుజ్యాన్ని నమ్మి ఆ కొండ ఎక్కినవారు అసంఖ్యాకులు. మండపంలో తల ఇచ్చినవారు కొందరే. కాబట్టి విశ్వాసం ఒక్కటే త్యాగానికి చాలదు. మరోవైపు, 1931 మార్చి 23న ఉరికంబమెక్కిన భగత్‌సింగ్ తాను నాస్తికుణ్ణని, మరణంతో తన ఆత్మ సైతం ముగిసిపోతుందని అంతకు ముందే రాసి ఉంచాడు. కాబట్టి విశ్వాసం అనివార్యమూ కాదు. విశ్వాసం త్యాగానికి ధైర్యాన్నో అర్థాన్నో ఇవ్వగలదు. త్యాగాన్ని పుట్టించేది మాత్రం మరొకటి.

రెండవ ప్రశ్న క్లిష్టమైనది. భగవద్గీత ద్వితీయాధ్యాయం 37వ శ్లోకం మరణిస్తే స్వర్గమని, గెలిస్తే రాజ్యమని అర్జునుణ్ణి ప్రోత్సహిస్తుంది. మరుసటి శ్లోకమే లాభనష్టాలను సమంగా చూసి యుద్ధం చేయమంటుంది. ముందు ఫలం చూపి, వెంటనే ఆ ఫలం మీది దృష్టిని మరల్చడం ఇక్కడి విశేషం. వినిమయబుద్ధి ఉన్నంతవరకు కర్మ శుద్ధం కాదన్న ఎరుక ఇందులో ఉంది.

ఈ ఎరుకకు పరాకాష్ఠ స్వర్గారోహణ పర్వం. 13వ శతాబ్దిలో నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్న తిక్కన తెనిగించిన పర్వాలలో ఇది చివరిది. స్వర్గంలో దుర్యోధనుణ్ణి, నరకంలో తనవారిని చూసిన ధర్మరాజు, తనవారున్న చోటే తనకు స్వర్గమని నరకంలో నిలిచిపోతాడు. అది పరీక్షే కదా, చివరకు స్వర్గం దక్కింది కదా అని ఆక్షేపించవచ్చు. కానీ అది పరీక్ష అని ధర్మరాజుకు తెలియదు; తెలిసి ఉంటే ఆ నిర్ణయానికి విలువ లేదు. ఇక్కడ పరలోకం త్యాగానికి ప్రతిఫలం కాదు. త్యాగం చేయవలసిన వస్తువే అది. దీని నుంచి ఒక ప్రమాణం లభిస్తుంది. ఎవరి కోసం ప్రాణమిస్తున్నాడో వారి కోసం స్వర్గాన్ని సైతం వదులుకోగలవాడు, పరలోకాన్ని నమ్మినా, త్యాగియే.

ఇంతవరకు చనిపోయినవాని నీతి. బతికినవారి నీతి మాటేమిటి? 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయంలో దళితుల ప్రవేశం కోసం నిరశన పూనిన పొట్టి శ్రీరాములు, 1952 అక్టోబరు 19న మద్రాసులో ఆంధ్రరాష్ట్రం కోసం మళ్లీ నిరశన ప్రారంభించారు. 58 రోజుల తర్వాత డిసెంబరు 15 రాత్రి మరణించారు. ఆయన కోరిన రెండు ఫలాలూ ఈ లోకానివే, ఇతరులకు చెందవలసినవే. డిసెంబరు 19న ప్రధాని నెహ్రూ ఆంధ్రరాష్ట్ర ఏర్పాటును ప్రకటించారు. మరణించిన నాలుగు రోజులకు ఇవ్వగలిగినది, మరణానికి నాలుగు రోజుల ముందు ఎందుకు ఇవ్వలేకపోయారన్న ప్రశ్న రాష్ట్రావతరణతో తీరేది కాదు.

పరలోక విశ్వాసంలోని అసలు నైతిక ప్రమాదం ఇక్కడే ఉంది. అది ప్రాణమిచ్చేవానిలో కంటే ప్రాణం పుచ్చుకొనే సమాజంలో ఎక్కువ. “వీరస్వర్గమలంకరించాడు” అన్నప్పుడు మనం అతని నష్టాన్ని పూడ్చినట్లు భావించి, మన బాకీని దేవతల ఖాతాలో వేస్తాం. తన మరణాన్ని స్వర్గద్వారంగా భావించే హక్కు మరణించేవానికి ఉండవచ్చు. అతని మరణంతో ప్రయోజనం పొందినవారికి ఆ హక్కు లేదు. వారు దానిని తిరిగిరాని నష్టంగానే లెక్కించాలి. మల్లాం శిలను నేడు చదివేవారు అడగవలసినది పట్టైపొత్తన్ ఏ లోకం చేరాడని కాదు. అతడు శిరస్సు ఖండించుకొంటున్నప్పుడు చుట్టూ నిలబడినవారు ఏం చేస్తున్నారని.