చేతులు మారే పుస్తకం

గ్రంథాలయ సిబ్బంది మధ్య పొత్తు ఎలా ఉందో తెలుసుకోవాలంటే వాళ్ల సమావేశాల మినిట్స్ తిరగెయ్యనక్కర్లేదు. కాసేపు అరల మధ్య తిరిగితే తెలిసిపోతుంది. కొత్త పుస్తకాలు వచ్చి ఎన్నాళ్లకు అరల్లోకి చేరుతున్నాయి? పాఠకుడు తిరిగిచ్చిన పుస్తకం సాయంత్రానికి దాని చోటికి వెళ్లిందా, కౌంటర్ వెనక గుట్టలో పడి ఉందా? ఏదైనా అడిగితే "అది నా సెక్షన్ కాదండీ" అన్నారా, లేచి వచ్చి చూపించారా? ఉద్యోగ జీవితమంతా గ్రంథాలయాల్లోనే గడిపినవాణ్ణి. ఇన్నేళ్లలో నాలో గట్టిగా నాటుకున్న నమ్మకం ఒకటుంది. సిబ్బందిని పైవాళ్లు ఎలా చూస్తారో, సిబ్బంది ఒకరినొకరు ఎలా చూసుకుంటారో, చివరికి పాఠకుణ్ణీ అలాగే చూస్తారు. లోపల అనుమానం రాజ్యమేలే చోట బయటివాడికి ఆదరణ దొరకదు.

ఈ వృత్తిలో ఎవరి పనీ వాళ్ల చేతిలో పూర్తికాదు. పుస్తకం వస్తుంది. బిల్లు సరిచూసి అక్సెషన్ రిజిస్టర్‌లో నంబరు వేసేది ఒకరు. విషయం గ్రహించి వర్గీకరణ సంఖ్య ఇచ్చేది ఇంకొకరు. కేటలాగ్‌లోకి ఎక్కించేవారు, వీపు మీద లేబుల్ అంటించేవారు, లోపల డేట్ స్లిప్ అతికించేవారు, చివరికి దాన్ని అరలో నిలబెట్టే అటెండర్. డ్యూయీ దశాంశ పద్ధతిలో తెలుగు కవిత్వానికి 894.8271, కథలకూ నవలలకూ 894.8273. ఆ చివరి అంకె తప్పు పడితే నవల వెళ్లి శతకాల మధ్య కూర్చుంటుంది. రిజిస్టర్ ప్రకారం పుస్తకం ఉంటుంది, కావలసిన మనిషికి మాత్రం ఉండదు. చోటు తప్పిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానమని మా వృత్తిలో చేరిన మొదటి వారంలోనే పెద్దలు చెబుతారు.

కృష్ణా డెల్టాలో పుట్టినవాణ్ణి కాబట్టి నాకు కాలువ చివరి భూములు గుర్తొస్తాయి. ఎగువన ఎవరు గండి కొట్టినా ఎండేది చివరి ఆయకట్టే. గ్రంథాలయంలో ఆ చివరి ఆయకట్టు కౌంటర్. అంకె తప్పు వేసింది ఎవరో, లేబుల్ మార్చి అంటించింది ఎవరో పాఠకుడికి తెలియదు. అతను కోప్పడేది ఎదురుగా కూర్చున్న మనిషి మీద. తాను చెయ్యని తప్పుకు రోజూ మాటలు పడే మనిషి ఎంతకాలం నవ్వుతూ ఉండగలడు? కౌంటర్ దగ్గర కసురుకునేవాళ్ల గురించి ఫిర్యాదు వచ్చినప్పుడల్లా, ఆ మనిషి స్వభావాన్ని తప్పుపట్టడానికి ముందు, ఎగువన ఏం జరుగుతోందో చూడాలంటాను.

పాఠకుడి ఎదుట సిబ్బందిని మందలించే అధికారులను చాలామందిని చూశాను. ఆ క్షణానికి పాఠకుడు సంతోషిస్తాడు. మర్నాటి నుంచి ఆ ఉద్యోగి ఏ చొరవా తీసుకోడు. అడిగినదానికి అవునో కాదో చెప్పి ఊరుకుంటాడు. దీనికి పూర్తిగా భిన్నంగా నడుచుకున్న పెద్దావిడ దగ్గర కూడా పనిచేశాను. ఎవరి పొరపాటైనా పాఠకుడికి ఆవిడే క్షమాపణ చెప్పేది. "మావాళ్ల వల్ల" అని కూడా అనేది కాదు, "మా వల్ల" అనేది. తర్వాత లోపలికి పిలిచి, తలుపు వేసి, అసలు ఏం జరిగిందని అడిగేది. అడిగే తీరులో ఆరా తప్ప ఆరోపణ ఉండేది కాదు. అటెండర్లను కూడా పేరు పక్కన గారు చేర్చి పిలిచేది. వయసులో తనకంటే చిన్నవాళ్లనైనా సరే. అక్కడ పనిచేసిన కాలంలో తప్పు దాచిపెట్టాలనే ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. దాచని తప్పును దిద్దడం తేలిక. పుస్తకం ఇంకా అదే గదిలో ఉండగానే దిద్దుకోవచ్చు.

గ్రంథాలయ నాయకత్వం అనగానే అందరికీ ఎస్.ఆర్. రంగనాథన్ గుర్తొస్తారు. గణితం బోధిస్తూ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వచ్చారు. మొదట్లో ఆ ఉద్యోగం నచ్చక కాలేజీకి తిరిగి వెళ్లిపోదామనుకున్న మనిషే లండన్‌లో చదివి వచ్చి, 1931లో పంచసూత్రాల గ్రంథాన్ని, 1933లో ద్విబిందు వర్గీకరణను ఇచ్చారు. పుస్తకాలున్నది వాడడానికేనని, పాఠకుడి సమయం వృథా చెయ్యకూడదని, గ్రంథాలయం పెరిగే ప్రాణి అని ఆ సూత్రాలు చెబుతాయి. వాటిని పాఠకుడి వైపు నుంచి వివరించడం మనకు అలవాటు. సిబ్బంది వైపు నుంచి కూడా చదవాలి. పాఠకుడి సమయం మిగలాలంటే ముందు సహోద్యోగి సమయం మిగల్చాలి. రిజిస్టర్‌లో గొలుసు రాత రాస్తే, వెరిఫికేషన్‌లో దాన్ని చదవాల్సిన మనిషి సగం రోజు పోగొట్టుకుంటాడు. గ్రంథాలయం పెరగాలంటే అందులో పనిచేసే మనిషి కూడా పెరగాలి. అటెండర్‌గా చేరినవాడు అటెండర్‌గానే రిటైరయ్యే చోట, చదువుకుంటానంటే సెలవు దొరకని చోట, ఆ సూత్రం గోడ మీది చార్టుకే పరిమితం.

రంగనాథన్ గురించి గౌరవంతోనే ఒక మాట చెప్పాలి. ఆయన పెళ్లి రోజున కూడా మధ్యాహ్నానికి గ్రంథాలయానికి వెళ్లిపోయారని చెబుతారు. మద్రాసులో ఉన్న ఇరవై ఏళ్లూ సెలవు లేకుండా పనిచేశారని కూడా శిక్షణ తరగతుల్లో చెబుతుంటారు. ఆ నిష్ఠకు నమస్కరిస్తాను. కానీ దాన్ని కిందివాళ్లకు కొలబద్దగా పెట్టడం అన్యాయం. తన పనిని తపస్సుగా చేసుకునే హక్కు ఎవరికైనా ఉంది. పక్కవాడి చేత బలవంతాన తపస్సు చేయించే హక్కు ఎవరికీ లేదు. బిడ్డకు జ్వరమని ముందే వెళ్లిపోవాల్సి వచ్చిన ఉద్యోగిని రంగనాథన్ పేరు చెప్పి సిగ్గుపడేలా చెయ్యడం నాయకత్వం కాదు. ఆ పూట ఆమె కౌంటర్‌లో తాను కూర్చోవడమే నాయకత్వం.

ఇప్పుడు భయం సంగతి. గ్రంథాలయాల్లో మనుషుల మధ్య సంబంధాలను ఇంతగా పాడుచేసినది మరొకటి లేదు. స్టాక్ వెరిఫికేషన్‌లో పుస్తకం కనబడకపోతే ఎవరు కట్టాలి? మన దేశంలో తరతరాల లైబ్రేరియన్లు ఈ ప్రశ్న కింద నలిగారు. చార్జి ఇచ్చేటప్పుడు తక్కువ పడిన పుస్తకాల ధర కట్టమంటారని రిటైర్మెంట్ దగ్గరపడినవాళ్లు నిద్రపట్టక బాధపడడం నాకు తెలుసు. ఈ భయం ముందుగా సిబ్బందినే విడదీస్తుంది. ఆ సెక్షన్ తాళంచెవి ఎవరి దగ్గరుంది, మొన్న మధ్యాహ్నం డ్యూటీ ఎవరిది అని ఒకరినొకరు లెక్కలు కట్టుకుంటారు. ఆ తర్వాత భయం పాఠకుడి మీదికి మళ్లుతుంది. అద్దాల బీరువాలకు తాళాలు పడతాయి. పాత, అరుదైన పుస్తకాలు లైబ్రేరియన్ గదిలోకి చేరి మళ్లీ బయటికి రావు. సంచి బయట పెట్టి వచ్చిన విద్యార్థిని కూడా దొంగను చూసినట్టు చూస్తారు. పైనుంచి ఉద్యోగి మీద పడిన అనుమానం అతని కళ్లలోంచి పాఠకుడి మీద పడుతుంది.

నియమాలు కూడా ఇంత కర్కశంగా లేవు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, 2017లో 215వ నియమం గ్రంథాలయ పుస్తకాల గురించే. 20 వేల సంపుటాల వరకూ ఉన్న గ్రంథాలయంలో ఏటా పూర్తి తనిఖీ జరగాలి. అంతకు మించి 50 వేల వరకూ ఉంటే మూడేళ్లకు ఒకసారైనా చెయ్యాలి. ఇంకా పెద్దదైతే మూడేళ్లకోసారి నమూనా తనిఖీ చాలు. ఏడాదిలో ఇచ్చిన, చదివించిన ప్రతి వెయ్యి సంపుటాలకు అయిదు పోతే అది సహజ నష్టమేనని, అందులో నిజాయితీ లోపంగానీ నిర్లక్ష్యంగానీ ఉండకూడదని ఆ నియమం చెబుతుంది. వెయ్యి రూపాయలకు పైబడిన పుస్తకమో, అరుదైన పుస్తకమో పోతే మాత్రం విచారణ ఉంటుంది. నాకు నచ్చింది నష్టాన్ని ముడిపెట్టిన తీరు. అరల్లో ఎన్ని ఉన్నాయని కాకుండా, ఎన్ని పాఠకుల చేతుల్లోకి వెళ్లాయన్నదాన్ని బట్టి లెక్క కట్టమంటోంది. ఎక్కువమందికి ఇచ్చిన గ్రంథాలయానికి ఎక్కువ వెసులుబాటు. పుస్తకం వాడడానికేనని ఒప్పుకున్న నియమం ఇది.

భయం తొలగినప్పుడు మనుషులు ఎలా కలిసి పనిచేస్తారో చెప్పాలి. పాత రికార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించే రోజుల్లో ఒక చోట గొప్ప పొత్తు చూశాను. సాఫ్ట్‌వేర్ తెలిసిన కుర్రవాడు కాంట్రాక్టు మీద వచ్చాడు. వేగంగా టైప్ చేసేవాడు గానీ తెలుగు పుస్తకాలతో పరిచయం లేదు. అక్సెషన్ రిజిస్టర్లలో ఒక చోట కొ.కు. అని, మరో చోట కుటుంబరావు అని, ఇంకో చోట కొడవటిగంటి అని ఉంటుంది. అతనికి ముగ్గురు రచయితలు. బుచ్చిబాబు వేరు, శివరాజు వెంకట సుబ్బారావు వేరు. ఆరుద్ర ఇంటిపేరు భాగవతుల అని అతనికి ఎవరు చెప్పాలి? ఆ గ్రంథాలయంలో వయసు మీరిన అటెండర్ ఒకాయన ఉండేవాడు. పెద్దగా చదువుకోలేదు గానీ అరలు సర్దుతూ అట్టలన్నీ చదివేశాడు. అధికారి ఆ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టింది.

మొదటి రెండు మూడు రోజులు ఇద్దరికీ ఇబ్బందే. తన వేగం పోతోందని కుర్రవాడికి, తనతో పేర్లు చదివిస్తున్నారని పెద్దాయనకు. క్రమంగా మాటలు కలిశాయి. "బాబూ, ఆ ఇద్దరూ ఒకరేనయ్యా" అని ఆయన చెబితే, "మరి ఈయనో, బాబాయ్?" అని అతను అడిగేవాడు. బీనాదేవి అనే పేరు వచ్చిన రోజున, ఆ పేరు వెనక ఉన్నది భార్యాభర్తలిద్దరని ఆయన చెప్పగా, కుర్రవాడు పని ఆపేసి ఆ పుస్తకం తెచ్చుకుని మధ్యాహ్నం భోజనాల వేళ చదవడం నేను చూశాను. అధికారి ఇంకో పని కూడా చేసింది. ఆ రచయితల పేర్ల జాబితాకు ఫైలు పెట్టి, సమకూర్చినవారిగా ఆ అటెండర్ పేరు ముందు రాసింది. ఆయన రిటైరయ్యాక కూడా ఆ ఫైలు ఆ పేరుతోనే ఉంది. ఒక మనిషి తలలో ఉన్న జ్ఞానాన్ని సంస్థ తీసుకున్నప్పుడు ఎవరిచ్చారో రాసి పెట్టడం కనీస మర్యాద.

పొత్తు గురించి మాట్లాడేటప్పుడు జీతాల సంగతి దాటవెయ్యకూడదు. ఒకే కౌంటర్‌లో ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరు రెగ్యులర్, ఇంకొకరు అవుట్‌సోర్సింగ్. ఒకరికి పింఛను ఉంది, ఇంకొకరికి వచ్చే నెల ఉంటారో లేదో తెలియదు. వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి జట్టు స్ఫూర్తి గురించి ఉపన్యాసం ఇస్తే వినేవాళ్లకు ఏం అనిపిస్తుంది? స్నేహం జీతానికి బదులు కాదు. ఖాళీ పోస్టులు నింపకుండా, ఉన్నవాళ్లనే సర్దుకుపొమ్మంటే సర్దుబాటు కొంతకాలమే నడుస్తుంది. పోటీ పరీక్షల అభ్యర్థులతో కుర్చీ ఖాళీ లేని జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్లకు ఇది నాకంటే బాగా తెలుసు. ఫ్యాన్ కింద కుర్చీ కోసం జరిగే తగాదా తీర్చడంలోనే వాళ్ల పూట గడిచిపోతుంది. స్థానిక సంస్థలు ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తాయి. అది జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో, పూర్తిగా చేరడం కూడా సిబ్బంది ఆరోగ్యంలో భాగమే.

కలిసి పనిచెయ్యడంలో మన గ్రంథాలయోద్యమానికి మంచి వారసత్వం ఉంది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టినప్పుడు జీతం ఇచ్చేవాళ్లూ లేరు, హోదాలూ లేవు. అయ్యంకి వెంకట రమణయ్య సంఘాన్ని, దాని పత్రికను మోశారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు నాయకుడిగా పేరు, ప్రతిష్ఠ ఇచ్చారు. పాతూరి నాగభూషణం 1935లో కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. ముగ్గురివీ మూడు స్వభావాలు. ఒకరి పని ఇంకొకరు చెయ్యలేరని వాళ్లకు తెలుసు, అందుకే ఒకరినొకరు వదులుకోలేదు. ఆ సంగతిని శిక్షణ తరగతుల్లో తేదీల జాబితాగా కాక, కలిసి పనిచేసిన మనుషుల కథగా చెప్పాలని నా కోరిక.

గ్రంథాలయాలకు అధికారులుగా ఉన్నవారికి ఒక విన్నపం. వచ్చే స్టాక్ వెరిఫికేషన్ మొదలుపెట్టే రోజున సిబ్బందినంతా, స్వీపర్‌తో సహా, ఒక చోట కూర్చోబెట్టండి. వెయ్యికి అయిదు అనే ఆ కేంద్ర నియమాన్ని తెలుగులో చదివి వినిపించండి. మీ సంస్థ రాష్ట్ర ప్రభుత్వానిదైతే, అలాంటి వెసులుబాటే ఇమ్మని మీ పేరుతో పై అధికారులకు లేఖ రాయండి. నిజాయితీగా పోయిన పుస్తకానికి ఎవరి జీతంలోనూ కోత పడనివ్వనని మాట ఇవ్వండి. ఆ తర్వాత బీరువాల తాళాలు తీయించండి.