తెల్లవారుజామున ఒక గంట

మా ఇంట్లో గోడగడియారం ఒక్కటే. కాని మూడు నెలలుగా అందులో రెండు కాలాలు నడుస్తున్నాయి. ఒకటి మాది. పాలు, కుళాయి నీళ్ళు, మావారి బీపీ మాత్ర. రెండోది మా అమ్మాయిది. హౌరా మెయిలెక్కి వెళ్ళి, చెన్నై శివార్లలో ఓ పెద్ద కంప్యూటర్ కంపెనీలో ట్రైనీగా చేరింది. కంపెనీ పేరు ఎందుకు లెండి, నాకు నోరు కూడా తిరగదు.

ఎనిమిది కొట్టగానే "ఇప్పుడది టిఫిను తింటూంటుంది" అంటాను. ఎనిమిదిన్నరకి మెడలో కార్డు. ఆ కార్డు చూపిస్తేగాని తలుపు తెరుచుకోదుట. తొమ్మిదికి క్లాసు. రెండు నుంచి ఆరు దాకా లాబు. పొద్దున చెప్పిన పాఠాన్ని మధ్యాహ్నం ప్రోగ్రాముగా రాసి నడిపించాలి. ఒక్క సెమికోలన్ మరిచిపోతే చాలు, మొత్తం మొరాయిస్తుందిట. మన పప్పు నయం, ఉప్పు మరిచిపోయినా ఉడకడం మానదు! రాత్రి పది దాటేదాకా చదువు. వారానికో పరీక్ష. తప్పితే ఇంకో అవకాశం ఇస్తారు. అదీ తప్పితే పెట్టె సర్దుకోవడమే.

తొమ్మిదిన్నరకి ఫోను.

"తిన్నావా?"

"తిన్నాను."

"ఏం తిన్నావే?"

"ఏదోలే అమ్మా."

జీతమిచ్చి మరీ పాఠాలు చెప్పే ఈ చోద్యం మన కాలంలో ఎక్కడుంది? మైసూరులో ఇన్ఫోసిస్ వారు 2005లో తెరిచిన శిక్షణ కేంద్రంలో వేలమంది పిల్లలు ఒకేసారి ఉండి నేర్చుకుంటారుట. 1981లో ఆ కంపెనీ పుట్టినప్పుడు పెట్టుబడి సుధామూర్తిగారు దాచుకున్న పదివేల రూపాయలే. పోపులడబ్బాలో చిల్లర దాచే మనలాంటివాళ్ళకి ఆ సంగతి ఎంత ధైర్యం! మా అమ్మాయి ఉన్నది అక్కడ కాదు గాని, పద్ధతులు ఎక్కడైనా ఇంచుమించు ఇంతే.

ఆ మాటకొస్తే మా విజయనగరానికి శిక్షణ కొత్తా? 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెడితే, శిష్యుడిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారిని ఏకంగా ఫిడేలు అధ్యాపకుణ్ణే చేశారని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. గిరీశం దగ్గర ఇంగ్లీషు నేర్చుకోబోయి వెంకటేశం చుట్ట కాల్చడం నేర్చుకున్నదీ మా ఊళ్ళోనే. అంచేత చదువనేది గురువుని బట్టీ శిష్యుణ్ణి బట్టీ ఉంటుందని మాకు ముందే తెలుసు. పక్కన కూర్చున్నవాళ్ళని బట్టి కూడా ఉంటుందని నాకు తెలిసింది మాత్రం ఈమధ్యనే.

మా అమ్మాయి గదిలో ఉండే పిల్లది పాత శ్రీకాకుళం జిల్లా, పాలకొండ దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆ పిల్ల "ఏటి?" అంటే చాలు, తక్కినవాళ్ళు నవ్వుతారుట. కోపమొస్తే మేమూ "ఏటి" అనేవాళ్ళమే. పదిమందిలో మాత్రం "ఏమిటండీ" అంటాం. క్లాసులో ఆ ఇంగ్లీషు ధాటికి అందుకోలేక ఆ పిల్ల మొదటి పరీక్ష తప్పింది.

తండ్రి అదే చెన్నైలో మేడలు కట్టే చోట కూలి. మన రెండు జిల్లాలనుంచీ అలా వెళ్ళేవాళ్ళు ఎందరో. 2014 జూన్ 28న మౌలివాక్కంలో పదకొండంతస్తుల మేడ కూలి 61 మంది పోయారు. వాళ్ళలో మనవాళ్ళు ఎంతోమంది. ఆ వార్త చూస్తూ మా వీధి వీధంతా అన్నం మానేసిన రోజు నాకు గుర్తుంది. అలాంటి కూలివాళ్ళ ఇంట్లోంచి ఒక పిల్ల మెడలో కార్డు వేసుకుని ఆ ఊరి మేడల్లోకే వెళ్తోంది. వెనక్కి పంపిస్తే ఏమవుతుంది?

ఒకరోజు మా అమ్మాయి ఫోనులో గొంతు తగ్గించి అడిగింది: "అమ్మా, లాబులో నేను రాసిన ప్రోగ్రాము ఇమ్మంటోంది. పేరు మార్చి తనదని పెట్టుకుంటుందిట. ఏం చెయ్యను?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

ఫోను పెట్టేశాక మనసులో ఏదో కలుక్కుమంది. చిన్నప్పుడు దాని చేతిలో జంతిక పెట్టి "పక్కవాళ్ళకి పెట్టి తిను" అన్నదీ ఈ నోరే కదా? అయినా ఆ సరుకు దొంగసరుకు, ఇవ్వకపోవడమే న్యాయం అని సర్దిచెప్పుకున్నాను.

పదిహేను రోజులకి దానికి మార్కులు తగ్గాయి. ఎనభై నాలుగు కాస్తా డెబ్భై ఆరు. గట్టిగా నిలదీస్తే అసలు సంగతి చెప్పింది. రోజూ ఐదింటికి లేచి, హాస్టలు మేడమీద ఆ పిల్లకి పాఠం తెలుగులో చెబుతోందిట.

"ప్రోగ్రాము ఇవ్వలేదమ్మా. నువ్వన్నట్టు నా పని నేను చూసుకున్నాను. చెప్పడం కూడా నా పనే అనిపించింది."

"నీ నిద్ర పాడుచేసుకునా?"

"ఎనిమిది నుంచి రాత్రి దాకా గంటలన్నీ కంపెనీవే కదా. ఐదింటి గంట ఒక్కటే నాది. నాది కాబట్టే ఇచ్చాను."

నాకు కోపమే వచ్చింది, అబద్ధమెందుకు! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పక్కింటావిడకి నేను గ్లాసుడు పంచదార బదులిస్తాను. డబ్బా నిండుగా ఉన్నప్పుడే ఇస్తాను. అడుగంటినప్పుడు "అయిపోయిందండీ" అంటాను. దాన్నే ఇన్నేళ్ళూ నా మంచితనమని మురుసుకున్నాను. మిగిలినది ఇవ్వడం మంచి అలవాటే గాని, అందులో మనం వదులుకున్నదేముంది? ఇదేమో ఉన్న ఒక్క గంటా ఇచ్చేసింది.

పోనీ, ఇచ్చి తను చెడితే? తల్లిగా ఆ భయం నాకు తప్పని నేననుకోను. తను నిలబడితేనే కదా ఇంకొకరికి చెయ్యి అందించేది. కాని డెబ్భై ఆరంటే చెడిపోవడమా? ఇక్కడ గట్టెక్కడానికో గీత ఉంది. ఆ గీత ఇద్దరూ దాటచ్చు. ఒకళ్ళు దాటితే ఇంకొకళ్ళు ఆగిపోనక్కర్లేదు. ఎల్.కె.జి. నుంచీ ర్యాంకులు లెక్కపెట్టి పెట్టి, పక్కపిల్ల పైకొస్తే మన పిల్ల కిందికి పోతుందనే లెక్క ఒకటి నా బుర్రలో పాతుకుపోయింది. దానికి లేని ఆ లెక్క నాకే ఉంది. ఎవరికి కావాలి ట్రైనింగు?

ఆ పిల్లకి రెండో పరీక్ష వచ్చే సోమవారం. నిన్న మూడు లాంతర్ల దగ్గర పైడితల్లమ్మ గుడికి వెళ్ళాను. కొబ్బరికాయ ఒకటే కొన్నదాన్ని, లోపలికి వెళ్ళబోతూ వెనక్కి తిరిగొచ్చి ఇంకోటి కొన్నాను. పూజారిగారు ఎవరి పేరనమ్మా అంటే ఇద్దరి పేర్లూ చెప్పాను. ఆ పిల్ల గోత్రం నాకు తెలియదు. అమ్మవారికి తెలిసే ఉంటుంది.

ఇంటికొచ్చి భీమాలి మామిడితాండ్ర పార్సిలు కట్టాను. క్రితంసారి "నువ్వే తిను, అందరికీ పంచేయకు" అని చీటీ రాసి పెట్టాను. ఈసారి పొట్లాలు రెండు కట్టాను. చీటీ రాయలేదు.