పంట అప్పు, కోర్సు అప్పు

అప్పు విషయంలో మనకి రెండు కొలతలున్నాయి. ‘అప్పు చేసి పప్పు కూడు’ అని ఎగతాళి చేస్తాం. 1959లో అదే పేరుతో సినిమా వస్తే హాయిగా నవ్వుకున్నాం. కానీ విత్తనాల కోసమో, పిల్లల చదువు కోసమో అప్పు చేసినవాణ్ణి చూసి ఎవరూ నవ్వరు. తిండికి చేసే అప్పు తప్పు, రేపటి కోసం చేసే అప్పు ఒప్పు. బాగానే ఉంది. ఆ రేపు అనుకున్నట్టు రాకపోతే నష్టం ఎవరిది?

మాది నిడమనూరు వైపు. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు, వరి పొలాలు, వడ్లు కొనడానికి మిర్యాలగూడ మిల్లులు. ఎరువుల షాపులో ఖాతా, బ్యాంకులో పంట రుణం లేని ఇల్లు తక్కువ. పంట పోతే మా ఊళ్ళో రైతుని ఎవరూ సోమరి అనరు. కాలువకి నీళ్ళు ఇడవలేదంటారు, దోమపోటు అంటారు, మిల్లుల్లో రేటు కోశారంటారు. ప్రభుత్వాలూ ఇదే ఒప్పుకున్నాయి. తెలంగాణలో 2014 తర్వాత లక్ష దాకా, 2024లో రెండు లక్షల దాకా పంట రుణాలు మాఫీ చేశారు. మాఫీలు మంచివా కాదా అన్నది వేరే చర్చ. వాటి వెనక ఒక నైతికమైన ఒప్పుకోలు ఉంది: కష్టపడ్డంత మాత్రాన ఫలితం చేతికి రాదు, రానప్పుడు తప్పంతా కష్టపడినవాడిది కాదు.

ఇప్పుడు అదే ఇంట్లో కొడుకు సంగతి చూడండి. బీటెక్ అయింది, ఉద్యోగం లేదు. ఫుల్ స్టాక్ కోర్సో, డేటా సైన్స్ కోర్సో చేరాలి. ఫీజు రెండు లక్షలు, ‘జీరో కాస్ట్ ఈఎమ్ఐ’, నాన్న కో-అప్లికెంట్. ఆరు నెలల తర్వాత ఉద్యోగం రాకపోతే, దోమపోటు సంగతి తెలిసిన ఆ ఊరే ‘వాడు సరిగ్గా చదవలేదు’ అంటుంది. పొలానికి ఇచ్చిన మినహాయింపు పిల్లాడికి ఎందుకివ్వం?

1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ ‘మోరల్ లక్’ అనే మాటని తాత్విక చర్చలోకి తెచ్చారు. నేగెల్ ఉదాహరణ తేలికైనదే: ఇద్దరు డ్రైవర్లది ఒకే రకం అజాగ్రత్త, కానీ ఒకడి బండికే పిల్లవాడు అడ్డం వచ్చాడు. మనం ఇద్దర్నీ ఒకేలా నిందించం. మెచ్చుకోలుకీ ఇది వర్తిస్తుంది. ఒకే కోర్సు, ఒకే శ్రద్ధ. ఒకడు కంపెనీలు ఎగబడి మనుషుల్ని తీసుకున్న 2021లో పూర్తి చేశాడు, ఇంకొకడు లేఆఫ్‌ల వార్తల మధ్య 2023లో. మొదటివాడు ‘కష్టజీవి’ అయ్యాడు, రెండోవాడు బాకీదారుడు.

అదృష్టాన్ని ఎవరూ తీసెయ్యలేరు, నిజమే. కానీ దురదృష్టం ఎవరి నెత్తిన పడాలో నిర్ణయించేది ఒప్పంద పత్రం. అమీర్‌పేట పాత పద్ధతి గుర్తు చేసుకోండి. మైత్రీవనం దగ్గర మెట్లెక్కి ఉచిత డెమోకి కూర్చుంటాం. నచ్చితే సగం ఫీజు కడతాం. సారు చెప్పేది అర్థం కాకపోతే రెండో వాయిదా ఎగ్గొట్టి పక్క బిల్డింగుకి పోతాం. గొప్ప వ్యవస్థేం కాదు, కానీ ఆ రెండో వాయిదా విద్యార్థి చేతిలో ఉండేది. అప్పు వచ్చాక అది పోయింది. సాధారణంగా ఫైనాన్స్ కంపెనీ ఫీజు మొత్తం సంస్థకి ముందే చెల్లిస్తుంది. పిల్లాడి బాకీ ఇక ఫైనాన్స్ కంపెనీకి. పాఠం బాగాలేదని ఈఎమ్ఐ ఆపితే సంస్థకి పోయేదేం లేదు, పడిపోయేది సిబిల్ స్కోరు. పాఠం చెప్పినవాడు ఫలితంతో సంబంధం లేకుండా బయటపడ్డాడు.

‘సంతకం పెట్టింది మేజరే కదా, ఎవరూ బలవంతపెట్టలేదు కదా’ అంటారు. ఇది కొట్టిపారేసే వాదన కాదు. బ్యాంకుల విద్యా రుణానికి 2015 నుంచి గ్యారంటీ ఫండ్ ఉంది, ఏడున్నర లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు. కానీ అది ప్రధానంగా గుర్తింపు పొందిన కోర్సులకే. ప్రైవేటు అప్పు కూడా లేకపోతే డబ్బులేని పిల్లాడు గుమ్మం బయటే నిలబడతాడు. అయితే సమ్మతికి విలువ రావాలంటే తెలిసి ఒప్పుకోవాలి. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. 2022 డిజిటల్ రుణాల నిబంధనల్లో వార్షిక ఖర్చు ముందే చూపించాలని, మనసు మార్చుకోడానికి కొంత గడువివ్వాలని రాసింది. ఇవన్నీ అప్పు ధరని చెప్తాయి. కోర్సు విలువ మాత్రం ఏ కాయితంలోనూ ఉండదు. ఎంతమంది చేరారు, ఎంతమందికి ఏ ఉద్యోగం వచ్చింది అన్న లెక్క అమ్మేవాడి దగ్గరే ఉంటుంది.

నష్టాన్ని పంచుకునే ఆలోచనలు కొత్తవి కావు. చదువుకి పెట్టుబడి పెట్టినవాడు తర్వాతి ఆదాయంలో వాటా తీసుకోవచ్చని మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1955లోనే రాశాడు. 1971లో యేల్ విశ్వవిద్యాలయం ఆదాయాన్ని బట్టి కట్టే పద్ధతి పెట్టింది. కానీ బ్యాచ్ మొత్తం బాకీ తీరేదాకా అందరూ కట్టాలనడంతో, కట్టగలిగినవాళ్ళు కట్టనివాళ్ళ భారం కూడా మోశారు. ఆస్ట్రేలియా 1989 నుంచి యూనివర్సిటీ ఫీజుని ఆదాయం ఒక గీత దాటాకే వసూలు చేస్తోంది. అక్కడ రాని పంట నష్టంలో కొంత ప్రభుత్వం భరిస్తుంది. ఏదీ లోపం లేనిది కాదు. కానీ ఫలితం రాకపోతే ఎవరెంత భరించాలి అన్న ప్రశ్నని ఇవన్నీ ముందే అడిగాయి.

మా వైపు పిల్లలు నాకు ఫోన్ చేసి అడుగుతుంటారు: ‘అన్నా, తీసుకోమంటవా, వద్దంటవా?’ నాకు ఉద్యోగం ఉంది కాబట్టి అడుగుతారు. నిజానికి నా జీతం చాలా బలహీనమైన సాక్ష్యం. ఉద్యోగం రానివాడు సలహాలు చెప్పడు, అతన్ని ఎవరూ అడగరు. అందుకని తీర్పు చెప్పకుండా ప్రశ్నలిస్తాను. సగం ఫీజు తర్వాత కడతానంటే ఒప్పుకుంటారా? మధ్యలో మానేస్తే అప్పు ఆగుతుందా? పోయిన బ్యాచ్‌లో ఉద్యోగం రానివాళ్ళ నంబరు ఒక్కటి ఇస్తారా?

ఒక తమ్ముడు ఇవన్నీ విని, ‘ఇంత అడిగితే వాళ్ళు చేర్చుకోరన్నా. ఈడ కూసోని ఏం చెయ్యాలె?’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. అతను చేరాడు. వాళ్ళ నాన్నతో మాత్రం ఒక మాట చెప్పాను: ఉద్యోగం రాకపోతే, పంట పోయినప్పుడు మీరు ఏం చూస్తారో అవే చూడండి. నీళ్ళొచ్చాయా, రేటుందా, విత్తనం మంచిదేనా. పిల్లాడి సంగతి ఆ తర్వాత అడగండి.